తడి చెత్తతో మొదలు పెట్టాలి: పట్టణాల్లో రీసైక్లింగ్ కార్యక్రమం గురించి ఒక ప్రసంగం

సభాధ్యక్షులకు, కౌన్సిల్ సభ్యులకు, ప్రజారోగ్య, ఇంజినీరింగ్ విభాగాల అధికారులకు, మహిళా సంఘాల ప్రతినిధులకు నమస్కారం.

పట్టణంలో రీసైక్లింగ్ కార్యక్రమాన్ని ఎలా నిర్మించుకోవాలన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే చాలామందికి ప్లాస్టిక్ సీసాలు, పాత కాగితాలు, అట్టపెట్టెలు గుర్తుకు వస్తాయి. నేను మాత్రం ఈరోజు ఎక్కువసేపు కూరగాయల తొక్కల గురించి, మిగిలిపోయిన అన్నం గురించి, కొబ్బరి బోండాల గురించి మాట్లాడబోతున్నాను. తడి చెత్తకు సరైన దారి చూపకుండా పొడి చెత్తను సక్రమంగా రీసైకిల్ చేయగలిగిన పట్టణం మన దేశంలో నాకు ఇంతవరకు కనిపించలేదు.

ముందుగా లెక్క చూద్దాం. మన దేశంలో మధ్యస్థాయి పట్టణాల్లో మనిషికి రోజుకు 300 నుంచి 400 గ్రాముల దాకా చెత్త వస్తుందని పురపాలక ఇంజినీర్లు లెక్క కడతారు. 3 లక్షల జనాభా ఉన్న పట్టణమైతే రోజుకు సుమారు 100 టన్నులు. అందులో దాదాపు సగం వంటింటి నుంచి, కూరగాయల మార్కెట్ నుంచి, హోటళ్ల నుంచి వచ్చే తడి చెత్త. కాగితం, అట్టలు, ప్లాస్టిక్, గాజు, లోహాల వంటి అమ్ముడుపోయే సరుకు ఐదో వంతుకు మించదు. మిగిలినది రోడ్లు ఊడ్చిన మట్టి, ఇసుక, ఇటుక ముక్కలు, ఎవరికీ పనికిరాని గుడ్డపీలికలు. అంటే ఒక్క ప్లాస్టిక్ సీసా కూడా వదలకుండా ఏరినా 80 టన్నులు డంపింగ్ యార్డుకు వెళ్లవలసిందే. తడి చెత్తను విడిగా తీసి ఎరువుగానో గ్యాసుగానో మార్చినట్లయితే యార్డు మీది భారం ఒక్కసారిగా సగానికి తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తడి తగలని అట్టపెట్టెకు పాత సామాన్ల కొట్టులో ధర పలుకుతుంది. సాంబారులో నానిన అట్టపెట్టెను ఎవరూ కొనరు. పాల కవర్ల విషయమూ అంతే. కాబట్టి తడి చెత్తను వేరు చేయడమంటే పొడి చెత్త విలువను కాపాడటమే.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ గారు సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం వల్ల ఒక నిపుణుల సంఘం ఏర్పడి, 1999లో నివేదిక ఇచ్చి, 2000లో పురపాలక ఘన వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనలు ఇంటి దగ్గరే చెత్తను మూడు రకాలుగా వేరు చేయమన్నాయి: తడి, పొడి, ఇళ్లలో వెలువడే హానికర వ్యర్థాలు. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, ఆస్పత్రులు, పెద్ద అపార్ట్‌మెంట్లు తమ తడి చెత్తను సాధ్యమైనంతవరకు తమ ఆవరణలోనే వదిలించుకోవాలన్నాయి. నిబంధనలు వచ్చి ఇన్నేళ్లయినా మన ఊళ్ల పొలిమేరల్లో చెత్త గుట్టలు పెరుగుతూనే ఉన్నాయంటే, చట్టం చెప్పినదానికీ ఉదయం ఆరున్నర గంటలకు ఇంటి గుమ్మం ముందు జరిగేదానికీ మధ్య చాలా దూరం ఉందన్నమాట.

ఆ దూరాన్ని తగ్గించిన పట్టణం ఒకటి తెలుగు నేల మీదే ఉంది. 2000 దశకం తొలినాళ్లలో, అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేటకు ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ గారు మున్సిపల్ కమిషనర్‌గా ఉన్నారు. అప్పటికి లక్ష పైచిలుకు జనాభా, రోజుకు 30 టన్నులకు పైగా చెత్త. ఆయన విదేశీ యంత్రాలు తెప్పించలేదు, పెద్ద గ్రాంట్లకోసం ఎదురుచూడలేదు. వీధుల్లోని చెత్తకుండీలను తొలగించి, ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తలను విడివిడిగా తీసుకునే ఏర్పాటు చేసి, తడి చెత్తను వర్మికంపోస్టుగా, అంటే వానపాముల ఎరువుగా మార్పించి, పొడి చెత్తను రకాలుగా ఏరించి అమ్మించారు. ఎరువు మీద, పొడి సరుకు మీద పురపాలక సంఘానికి నెలకు లక్ష రూపాయల వరకు వచ్చేది. మొత్తం పారిశుద్ధ్య ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తమే. అయినా దేశం నలుమూలల నుంచి అధికారులు ఆ ఊరికి వచ్చి చూసి వెళ్లారు. వీధిలో కుండీ లేకపోవడాన్ని వారిలో చాలామంది మెచ్చుకున్నారు గాని, అసలు మర్మం అంతకుముందు మెట్టులో ఉంది. కుండీ ఉన్నంతకాలం ఇంటివారు ఎంత శ్రద్ధగా వేరు చేసినా, రెండూ కలిసిపోయేది ఆ కుండీలోనే. దాన్ని తీసేస్తే చెత్త చేతులు మారే స్థలం ఒక్కటే మిగులుతుంది, అది ఇంటి గుమ్మం.

ఇక గుమ్మం దగ్గర జరగవలసిన పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కార్యక్రమం నిలిచేదీ కూలేదీ అక్కడే. చాలా ఊళ్లలో మొదటి పనిగా ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచిపెడతారు. పంచిన డబ్బాల్లో కొన్ని బియ్యం డబ్బాలుగా, కొన్ని స్నానాలగదిలో నీళ్లకు పనికొస్తాయి; దానికి గృహిణులను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే గట్టి మూత ఉన్న కొత్త డబ్బాను ఉచితంగా ఇచ్చి చెత్త వేసుకోమంటే ఎవరికైనా మనసు ఒప్పదు. డబ్బా ముఖ్యం కాదు. బండిలో రెండు అరలు ఉన్నాయా లేవా అన్నది ముఖ్యం. ఇంట్లో వేరు చేసిన చెత్తను తన కళ్లెదుటే ఒకే తొట్టిలో కుమ్మరించడం చూసిన ఇల్లాలు మరునాటి నుంచి వేరు చేయడం మానేస్తుంది. ఆమెకు మళ్లీ నమ్మకం కలిగించడానికి ఎన్ని కరపత్రాలు పంచినా చాలవు.

రెండవది సమయం. బండి రోజూ ఒకే వేళకు రావాలి. వారానికి రెండు రోజులు ఎగ్గొట్టే బండికోసం కుళ్లే చెత్తను ఇంట్లో దాచుకోమని మనం ఎవరినీ అడగలేము. అది రాత్రికి రాత్రి ఖాళీ స్థలంలోకో మురుగుకాలువలోకో చేరుతుంది. మూడవది, కలిపి ఇచ్చిన చెత్తను మర్యాదగా తిరస్కరించే అధికారం కార్మికురాలికి ఉండాలి. ఆమె తిరస్కరిస్తే వార్డు పెద్దమనిషి ఫోన్ చేసి ఆమెను మందలించే పరిస్థితి ఉన్నచోట ఏ నియమమూ పనిచేయదు. ఇక్కడ కూర్చున్న కౌన్సిలర్లను నేను కోరేది ముందుగా ఇదే: మొదటి మూడు నెలలు మీ వార్డులో కార్మికుల పక్షాన నిలబడండి.

బండి నడిపేవారికి ఏది లాభమో అదే జరుగుతుందన్న సంగతి కూడా మనం ఒప్పుకోవాలి. హైదరాబాదులో 2015 నవంబరులో స్వచ్ఛ ఆటోలు మొదలైనప్పుడు, డ్రైవరే ఆటోకు యజమాని అయ్యేలా, ఒక్కొక్క ఆటోకు సుమారు 600 ఇళ్లు అప్పగించి, ఇంటికి నెలకు 50 రూపాయలు అతడే వసూలు చేసుకునేలా, పొడి చెత్తను అమ్ముకున్న డబ్బు కూడా అతనికే దక్కేలా పథకాన్ని రూపొందించారు. ఆలోచన తెలివైనది. చేతిలో సొంత బండి, తనకంటూ అప్పగించిన ఇళ్లు ఉన్న డ్రైవరు సామాన్యంగా పని ఎగ్గొట్టడు. అట్టలు, సీసాలు, ఇనుము ఆటో మీదే ఏరి సంచులకెత్తుతాడు. కానీ శుభ్రమైన తడి చెత్తను అప్పగించినందుకు అతనికి ఒక్క రూపాయి కూడా అదనంగా రాదు. దానితో విలువైన పొడి సరుకు బయటికి వెళుతుంది, తడి చెత్త మిగిలినదానితో కలిసి చెత్తను పెద్ద లారీల్లోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు, అక్కడి నుంచి నగరపు డంపింగ్ యార్డు ఉన్న జవహర్‌నగర్‌కు వెళుతుంది. జవహర్‌నగర్ పాత గుట్ట మీద ఇప్పుడు మట్టి కప్పి, పొరలు వేసి మూశారు. అయినా దశాబ్దాలపాటు దాని నుంచి కారిన నల్లటి మురుగు మల్కారం చెరువును ఏం చేసిందో అక్కడివారిని అడిగితే చెబుతారు. ఆ మురుగు పుట్టేది ప్లాస్టిక్ నుంచి కాదు, తడి చెత్త నుంచి. గుట్టలో గాలి తగలక కుళ్లే చెత్త నుంచి మీథేన్ అనే మండే వాయువు వెలువడుతుంది; వేసవిలో డంపింగ్ యార్డులు రోజుల తరబడి తగలబడటానికి ఒక ముఖ్య కారణం అదే.

తడి చెత్త విడిగా చేతికి వచ్చిందనుకుందాం. దాన్ని ఏం చేయాలి? దారులు రెండు: కంపోస్టు, బయోగ్యాసు.

కంపోస్టు సులువైన పనిలా కనిపిస్తుంది గాని అది కూడా ఒక విద్య. కుప్పలో కర్బనానికీ నత్రజనికీ మధ్య నిష్పత్తి 25 లేదా 30కి ఒకటిగా ఉండాలి. మన వంటింటి చెత్తలో తేమా నత్రజనీ ఎక్కువ. కాబట్టి ఎండుటాకులు, రంపపుపొట్టు, ఊక వంటివి కలపకపోతే కుప్ప కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి, చుట్టుపక్కలవారు ధర్నా చేస్తారు. పట్టణాల్లో కంపోస్టు యూనిట్లు మూతపడటానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఈ కంపే. విచిత్రమేమిటంటే, కుప్పకు కావలసిన ఎండుటాకులను అదే పురపాలక సంఘం వీధుల్లో ఊడ్పించి మూలన తగలబెట్టిస్తూ ఉంటుంది. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ ఉండాలి. లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి. వారానికి ఒకసారి తిరగవేస్తూ ఉంటే ఐదారు వారాలకు చల్లబడుతుంది; ఆ తరువాత జల్లెడ పడితే మొదటి బరువులో సుమారు ఐదో వంతు ఎరువుగా మిగులుతుంది. వానపాములతో చేయదలచినవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: అవి కుప్ప వేడిని తట్టుకోలేవు. మన వేసవిలో 44 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు పందిరి, గోనెపట్టా, నీటి తడి లేకపోతే ఒక్క మధ్యాహ్నానికే తొట్టి అంతా చచ్చిపోతుంది. చెత్తను ముందు రెండు మూడు వారాలు మామూలుగా కుళ్లబెట్టి, చల్లారిన తరువాతనే వానపాములకు వేయాలి.

మన పట్టణాలకే ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. కొబ్బరి బోండాలు వారాల్లో కుళ్లవు. వాటిని ముక్కలు చేసే యంత్రం లేని యార్డులో అవి కొండగా పేరుకుని, వాననీరు నిలిచి దోమలకు నిలయమవుతాయి. యంత్రం ఉంటే అవే పీచుగా, కంపోస్టుకు కావలసిన పొడి పదార్థంగా ఉపయోగపడతాయి. కోళ్ల దుకాణాల వ్యర్థాలు ఇంకా కష్టమైనవి. వాటిని దళారులు కొని రహస్యంగా చేపల చెరువులకు తరలించడం, నిషేధం ఉన్నా ఆగకపోవడం కృష్ణా, గోదావరి జిల్లాల వారికి నేను చెప్పనవసరం లేదు. వాటికోసం మూతలున్న వేరే వాహనం, వాటిని ఉడికించి పొడిచేసే రెండరింగ్ కేంద్రంతో ఒప్పందం తప్పనిసరి. ఒకే పట్టణం భరించలేకపోతే నాలుగైదు పట్టణాలు కలిసి పెట్టుకోవచ్చు.

బయోగ్యాసు విషయానికి వస్తే, సికింద్రాబాదులోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌ను చూడండి. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిలో అక్కడ రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు, కొంత వంటగ్యాసు, దానితోపాటు ఎరువు ఉత్పత్తి చేసే కేంద్రాన్ని నిర్మించారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో దాని ప్రస్తావన తెచ్చారు. పెద్ద ఎత్తున చూడాలంటే ఇందౌరు ఉంది. 2022 ఫిబ్రవరిలో అక్కడ రోజుకు 550 టన్నుల తడి చెత్తను తీసుకుని, వాహనాలకు ఇంధనంగా పనికొచ్చే గ్యాసు తయారుచేసే బయో సీఎన్‌జీ కేంద్రం ప్రారంభమైంది. ఈ రెండింటిలోనూ గమనించవలసిన అంశం ఒక్కటే. బోయిన్‌పల్లిలో చెత్త పుట్టేది మార్కెట్లో కనుక అది సహజంగానే శుభ్రమైనది. ఇందౌరులో మాత్రం ఆ శుభ్రత కేంద్రం కట్టడానికి ముందే, ఏళ్లపాటు ఇంటింటి వద్ద సాధించుకున్నది. ముందు ప్లాంటు కట్టి, తరువాత ప్రజలకు అలవాటు చేద్దామనుకున్నచోట ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని పంపులు ఆగిపోతాయి. మీ పట్టణంలో కూరగాయల మార్కెట్, రైతుబజారు, ఫంక్షన్ హాళ్లు ఎలాగూ ఉన్నాయి. బయోగ్యాసు అక్కడ మొదలు పెట్టి, ఇళ్ల చెత్తను కంపోస్టుకు పంపడం నా దృష్టిలో మేలైన క్రమం.

పొడి చెత్త గురించి తక్కువ చెప్పినా చాలు, ఎందుకంటే ఆ పని మన ఊళ్లలో ఎన్నో ఏళ్లుగా జరుగుతూనే ఉంది. పాత పేపర్లు, ఇనుము కొనే బండివారు, చెత్త ఏరుకునే ఆడవాళ్లు, పాత సామాన్ల కొట్లు, వారి పైన టోకు వ్యాపారులు, ఆ పైన కాగితం మిల్లులు, ప్లాస్టిక్ గుళికలు తయారుచేసే కర్మాగారాలు, ఇదంతా పురపాలక సంఘం ఒక్క పైసా పెట్టకుండా నడుస్తున్న వ్యవస్థ. కొత్తగా టెండరు పిలిచి పొడి చెత్త మొత్తాన్ని ఒకే గుత్తేదారుకు అప్పగిస్తే వీరందరి పొట్ట కొట్టినవాళ్లమవుతాం. పైగా అంత నేర్పుగా ఏరేవాళ్లు మళ్లీ దొరకరు. పుణెలో 1993లో చెత్త ఏరుకునేవారు సంఘంగా ఏర్పడ్డారు; ఆ సంఘం నుంచి పుట్టిన స్వచ్ఛ్ అనే సహకార సంస్థ 2008 నుంచి అక్కడి నగరపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటి సేకరణ చేస్తోంది. ఇళ్లవారు నేరుగా వారికి రుసుము చెల్లిస్తారు, ఏరిన పొడి సరుకు మీద హక్కు వారిదే. పొడి చెత్తను ఏరి నిల్వచేసే పొడి వనరుల సేకరణ కేంద్రాలు మన ఊళ్లలో ఇప్పటికే కొన్ని ఉన్నాయి. వాటికి నీడ, తూకం, అట్టలను కట్టలుగా అదిమే యంత్రం, మరుగుదొడ్డి, మంచినీరు ఏర్పాటు చేసి, గుర్తింపు కార్డులతో వారినే అందులో కూర్చోబెట్టండి.

అమ్ముడుపోని పొడి చెత్త మాత్రం పురపాలక సంఘం బాధ్యతే. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, చిరిగిన చెప్పులు ఎవరూ కొనరు. ఇవి సిమెంటు కర్మాగారాల కొలిమిలో బొగ్గుకు బదులు వాడుకోవచ్చు. సూర్యాపేట, నల్లగొండ, పల్నాడు, కడప జిల్లాల్లో అలాంటి కర్మాగారాలు ఉండటం మన అదృష్టం. ఇలాంటి చెత్తను ఇంధనంగా తయారుచేసే కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపున ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దానితో భర్తీ చేయాలని 2016 నిబంధనలే చెప్పాయి. అయితే వారికి పొడిగా, చిన్న ముక్కలుగా, క్లోరిన్ తక్కువగా ఉన్న సరుకు కావాలి, అంటే క్లోరిన్ ఉండే పీవీసీ ప్లాస్టిక్ వస్తువులను ముందే ఏరివేయాలి. తడి తగిలిన లారీని వారు గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. చూశారా, ఇక్కడా మళ్లీ తడి చెత్త దగ్గరికే వచ్చాము.

శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల డైపర్ల గురించి సభల్లో మాట్లాడటానికి మొహమాటపడతారు. పొడి చెత్త ఏరే ఆడవాళ్లు వాటిని ఒట్టి చేతులతో తాకవలసి వస్తోంది కనుక నేను మొహమాటపడను. కాగితంలో చుట్టి, పైన ఎర్రటి చుక్క పెట్టి విడిగా ఇవ్వమని పుణె కార్మికులు ప్రచారం చేశారు. దానికి ఖర్చేమీ లేదు, ఈ వారమే మొదలు పెట్టవచ్చు.

ఇక డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద మూడు రంగుల డబ్బాలు, కొత్త వాహనాలు వచ్చాయి, వాటితోపాటు నెలవారీ రుసుము కూడా వచ్చింది. ప్రజల్లో దానికి చెత్త పన్ను అని పేరుపడి, ఎన్నికల్లో విషయమై, 2024లో రద్దయింది. రుసుము ఉండాలా వద్దా అన్న రాజకీయ చర్చలోకి నేను వెళ్లను. కానీ సేవ స్థిరపడకముందే రుసుము అడగడం తప్పుడు క్రమమన్నది నా అభిప్రాయం. ఆరు నెలలు బండి వేళకు వచ్చిన వీధిలో రుసుము అడిగితే ఎదురయ్యే జవాబు వేరుగా ఉంటుంది. ఇళ్లకన్నా ముందు హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, మాంసం దుకాణాల నుంచి పూర్తి ఖర్చు రాబట్టడం న్యాయం కూడా. ఎరువు అమ్మకం మీద ఆశలు పెట్టుకోకండి. నగర కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల ప్రోత్సాహకాన్ని కేంద్రం 2016లో ప్రకటించింది. అయినా గాజుపెంకులు కనిపించే ఎరువును ఏ రైతూ రెండోసారి కొనలేదు.

చివరిగా ఒప్పందాల విషయం. చెత్త నుంచి విద్యుత్తు తయారుచేస్తామంటూ మీ దగ్గరికి కంపెనీలు వస్తాయి. 2016 నిబంధనలు కిలోకు 1,500 కిలోకేలరీలు లేదా అంతకు మించి వేడి ఇచ్చే, రీసైకిల్ కాని వ్యర్థాలనే ఇంధనంగా వాడమన్నాయి. నీరు నిండిన మన మిశ్రమ చెత్తలో చాలావరకు ఆ మెట్టుకు చేరదు. రోజుకు ఇన్ని టన్నులు తప్పక ఇస్తామనే షరతు మీద సంతకం చేస్తే, ఇరవై ఏళ్లపాటు చెత్త తగ్గించడమే మీకు నష్టమవుతుంది. సేకరణ గుత్తేదారుకు యార్డులో తూచిన టన్నుకు ఇంత అని చెల్లించే పద్ధతి కూడా ఇలాంటిదే. లారీలోకి మట్టి, కూల్చిన గోడల ఇటుకలు ఎక్కడం ఆ షరతు ఫలితమే. చెల్లింపును సేవ అందిన ఇళ్ల సంఖ్యకు, కంపోస్టు కేంద్రంలో అంగీకరించిన శుభ్రమైన తడి చెత్త బరువుకు ముడిపెట్టండి. తిరస్కరించిన లోడుకు డబ్బు కోత ఉండాలి, ఆ తిరస్కరించే సంతకం కంపోస్టు కేంద్రం నడిపే మహిళా సంఘం చేతిలో ఉండాలి. ముసాయిదా ఒప్పందంలో ఈ మూడు షరతులను ఎలా రాయాలో వివరంగా అడిగేవారు ఉంటే భోజన విరామం తరువాత ఇంజినీర్లతో కలిసి కూర్చుందాం.